'ఒట్టి గోల' యను వాదము

సియాటిల్ నగర పాలకసభలో 2014 జనవరి మొదలు 2023 డిసెంబరు తుదివరకు పది సంవత్సరములు సభ్యురాలుగా నుండిన క్షమా సావంత్‌ను గూర్చి ఆ నగరపు వర్తకసంఘమువారును, మితవాదులును, తుదకు ఆమె పక్షమున నుండదగిన ఉదారవాదులలో పెక్కురును తడుముకొనకుండ చెప్పు మాట యొకటి కలదు. ఆమె చేసినది ఒట్టి గోల యట. తొమ్మండుగురు కూర్చున్న సభలో ఎనమండుగురు ఔనన్నప్పుడు తానొక్కతె కాదనుటయే ఆమె రాజకీయమట. నెగ్గిన చట్టములు తొమ్మండుగురివి గాని ఆమెవి కావట. ఆమెవని చెప్పదగినవి ఓడినవేనట. ఈ మాట సముద్రములు దాటి మన యిండ్లలోనికిని వచ్చినది. అమెజాను, మైక్రోసాఫ్టు కొలువులలో నుండి సెలవులకు వచ్చిన మన పిల్లలు, మాటల సందర్భమున ఆమె పేరు వచ్చినంతనే, "ఆవిడా? గొడవ తప్ప ఏం చేసింది?" అని తేల్చివేయుట పలువురు వినియే యుందురు. ఇంతగా ప్రచారమునందిన యభిప్రాయము సామాన్యముగా పరీక్షకు నిలువదు. ఇదియు నిలువదు.

వ్యక్తిని గూర్చి రెండు మాటలు చాలును. ఆమె పూనాలో పుట్టి బొంబాయిలో పెరిగినది. కంప్యూటరు శాస్త్రమున పట్టము పొంది అమెరికా చేరి, ఆ వృత్తిని విడిచి, నార్తు కరోలినాలో అర్థశాస్త్రమున డాక్టరేటు సంపాదించి, సియాటిల్ కళాశాలలలో పాఠములు చెప్పినది. 2013 నవంబరులో, పదునారేండ్లుగా సభ్యుడై యున్న రిచర్డ్ కాన్లిన్‌ను ఓడించి, తాను సోషలిస్టునని బాహాటముగా చెప్పుకొనుచునే సభలో ప్రవేశించినది. సభ్యత్వపు జీతము సాలుకు లక్ష డాలర్లకు పైబడియుండగా, అందులో సుమారు 40,000 మాత్రము తనకుంచుకొని తక్కినది ఉద్యమనిధికి చేర్చినది. ఈ త్యాగమును నేను వాదమునకు వాడుకొనను. త్యాగము చేసినవారెల్లరును సరిగా వోటు వేయుదురను నియమము లేదు. వోటును వోటుగానే చూడవలెను.

ముందుగా ఒంటి వోటు సంగతి. ఒంటరిగా కాదనుటయే గోల యైనచో, ఆ గోలకు ఆద్యురాలు సావంత్ కాదు. 2011 సెప్టెంబరులో కార్మికులకు వేతనముతో కూడిన అనారోగ్యపు సెలవు నిచ్చు చట్టము ఇదే సభలో 8-1 వోట్లతో నెగ్గినది. జ్వరముతో వంటశాలలో నిలుచుండి గరిటె త్రిప్పు మనిషికి జీతము కోతపడని యొకటి రెండు రోజుల విశ్రాంతి కలిగించుటకు ఎనమండుగురు ఒప్పుకొనగా, ఒప్పుకొనని యా యొక్కడు ఎవడు? రెండేండ్ల పిమ్మట సావంత్ చేతిలో నోడిన కాన్లినే. 2023 ఫిబ్రవరి 21న కులవివక్షను నిషేధించు చట్టము 6-1 వోట్లతో నెగ్గినప్పుడు కాదన్న ఒకే సభ్యురాలు సారా నెల్సన్. ఈ యిరువురికిని గోల యను బిరుదు దక్కినట్లు లేదు. వారిది అభిప్రాయభేదమనియు, వ్యాపారవర్గపు జాగరూకత యనియు గౌరవవాచకములే వినవచ్చినవి. కూలివాని పక్షమున ఒంటరియైనచో గోల, యజమాని పక్షమున ఒంటరియైనచో వివేకము! కావున ఒంటి వోటును నిందించువారు నిజమునకు ఒంటరితనమును నిందించుట లేదు. అది యెవరి పక్షమున పడినదో దానిని నిందించుచున్నారు. ఆ మాట సూటిగా చెప్పినచో తగవు లేదు. చెప్పరు గనుకనే ఈ వ్యాసము.

ఇక ఆమె కాదనుట తప్ప మరేమియు నెరుగదను మాట. 2014 జూన్ 2న గంటకు 15 డాలర్ల కనీసవేతన చట్టము సభ ముందునకు వచ్చినది. ఆనాటి వాషింగ్టన్ రాష్ట్రపు కనీసవేతనము 9 డాలర్ల 32 సెంట్లు. చట్టపు ముసాయిదాలో ఆమెకు గిట్టని యంశములు పెక్కు కలవు: పెద్ద సంస్థలకు మూడు నాలుగేండ్ల గడువు, చిన్న సంస్థలకు 2021 వరకు గడువు, శిక్షణలో నున్నవారికి తక్కువ వేతనము, అమలు 2015 జనవరి నుండి గాక ఏప్రిల్ నుండి. శిక్షణవేతనము తొలగింపవలెననియు, అమలును జనవరికి జరుపవలెననియు సవరణలు పెట్టి ఆమె ఓడినది. ఓడిన పిదప ఏమి చేసినది? అలిగి లేచిపోయినదా? కాదనినదా? ఔననినది. ఫలితము 9-0. రాజీ యెరుగని మూర్ఖురాలని పేరు పెట్టబడిన స్త్రీ, తనకు సంపూర్ణముగా నచ్చని చట్టమునకు, అది శ్రామికునకు మేలు చేయుననియే, వోటు వేసినది.

ఇచ్చట ప్రతివాది యందుకొని, తొమ్మండుగురు ఏకగ్రీవముగా వేసిన వోటులో ఆమెకు తొమ్మిదవ వంతే గదా వాటా యనును. లెక్క సరియే, న్యాయము సరి కాదు. ఏకగ్రీవము ఆకాశమునుండి పడదు. ఏడాది ముందు, 2013 వసంతమున, ఆ సభ యజెండాలో 15 డాలర్ల మాట లేదు. ఆ మేలో సియాటిల్ హోటళ్లలో బర్గర్లు చుట్టు కుఱ్ఱవాండ్రు పని మానివేసి వీధిలోనికి వచ్చిరి. నవంబరులో విమానాశ్రయమున్న పొరుగూరు సీటాక్ పౌరులు ప్రజావోటుతో 15 డాలర్లను చట్టము చేసికొనిరి. ఆ నెలలోనే ఆ యొక్క నినాదముతో సావంత్ గెలిచినది. మేయరు ఎడ్ మర్రే నియమించిన సంఘమున ఆమె యొక వంక కూర్చుండి, మరియొక వంక, సంఘము నాన్చినచో నవంబరులో ప్రజావోటుకు పోవుదుమని సంతకముల ఉద్యమమును నడపినది. ఆ సంఘములో కార్మికనాయకులును, హోటలు యజమానులును కలరు; వారి పాలును నేను తగ్గించి చెప్పను. కాని ఔనను తొమ్మిది చేతులలో ఎనిమిది చేతులను పైకెత్తించిన యొత్తిడి యేదియో యుండెను. దానికి సభలోపల నున్న ముఖము ఆమెది.

ఆ చట్టము కూలివానికే కీడు చేసినదను వాదము కలదు. దానిని దాటవేయుట తగదు. 2017లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయపు ఆర్థికవేత్తలు, వేతనము 13 డాలర్ల మెట్టునకు చేరిన పిమ్మట అల్పవేతనపు పనిగంటలు సుమారు 9 శాతము తగ్గినవనియు, అందువలన సగటున నెలకు 125 డాలర్లు నష్టము కలిగినదనియు ప్రకటించిరి. దేశమంతటను మితవాద పత్రికలు దానిని పండుగ చేసికొన్నవి. అయితే ఆ పరిశోధనలో అనేకశాఖలు గల సంస్థల లెక్కలు చేరలేదు. అనగా ఏ గొలుసుకొట్ల కార్మికులు ఈ యుద్యమమునకు మూలమో వారే ఆ లెక్కకు వెలియైరి. మరుసటి సంవత్సరము అదే బృందము, అప్పటికే పనిలో నున్నవారి వారపు టాదాయము కొంత పెరిగినదనియు, అనుభవము గలవారికే అధికలాభము కలిగినదనియు తెల్పినది. బర్కిలీ పండితులు భోజనశాలల వేతనములు పెరిగినవనియు, ఉద్యోగములు తగ్గినట్లు కానరాదనియు తేల్చిరి. కొత్తగా పనికి వచ్చువాని పరిస్థితి నిజముగా ఆలోచింపదగినదే. చట్టము సర్వరోగనివారిణి కాదు. కాని ప్రళయము వచ్చునన్నవారి ప్రళయము రాలేదు. 2025 నాటికి ఆ నగరపు కనీసవేతనము 20 డాలర్ల 76 సెంట్లు, హోటళ్లు తెఱచియే యున్నవి.

ఇక ఈ వివాదమునకు కీలకమైన ఘట్టము. సియాటిల్‌లో ఇండ్లు లేనివారి దురవస్థను 2015 నవంబరులోనే మేయరు అత్యవసర పరిస్థితిగా ప్రకటించి యుండెను. 2018 జనవరిలో ఒక రాత్రి లెక్కపెట్టగా, ఆ నగరమున్న కింగ్ కౌంటీలో ఇల్లు లేనివారు 12,112 మంది తేలిరి. అమెజాను వంటి సంస్థల పెరుగుదలతో అద్దెలు ఆకాశమంటుచుండగా, ఆ సంస్థలు నగరమునకు చెల్లించు పన్ను స్వల్పము. అప్పటికి వ్యక్తుల ఆదాయముపై పన్నే లేని రాష్ట్రమది. కావున సాలుకు 2 కోట్ల డాలర్లకు మించిన రాబడి గల సంస్థలనుండి ఉద్యోగికి 500 డాలర్ల చొప్పున పన్ను వసూలు చేసి ఇండ్లు కట్టింపవలెనను ప్రతిపాదన వచ్చినది. మే నెల మొదట అమెజాను తాను కట్టదలచిన యొక గోపురపు పనిని నిలిపివేయుచున్నానని చెప్పినది. మేయరు జెన్నీ డర్కన్ 500 కి ఒప్పుకొననన్నది. బేరము సాగి 275 డాలర్లకు దిగినది. ఏటేట 4 కోట్ల 70 లక్షల డాలర్లు వచ్చునని అంచనా. 2018 మే 14న సభ 9-0 వోట్లతో దానిని చట్టము చేసినది.

పాఠకులు ఈ తేదీని గుర్తుంచుకొనవలెను. ఆనాటి వోట్లపట్టికను మాత్రము చూచినచో తొమ్మండుగురును ఒక్కటియే; తొమ్మండుగురును దరిద్రుని పక్షము వహించినవారే. ఏ వోట్ల లెక్కల పుస్తకములోనైనను ఆ దినమున వారికి తలకొక మంచి మార్కు పడును. కాని అమెజాను, స్టార్‌బక్స్ మొదలగు సంస్థల ధనముతో ఆ పన్నును రద్దుచేయు ప్రజావోటుకై సంతకముల సేకరణ మొదలైనది. కిరాణాకొట్ల వాకిళ్లలో జీతగాండ్రు కాగితములు పట్టుకొని నిలుచుండిరి. జూన్ 11న, సభ యింకను కూడకముందే, మేయరును ఏడుగురు సభ్యులును కలిసి పన్నును ఉపసంహరింతుమని ప్రకటన చేసిరి. అనగా మరునాటి సభ విచారణకు కాదు, ముద్ర వేయుటకు. జూన్ 12న సభాభవనము క్రిక్కిఱిసినది; పన్ను వలదను పలకలు పట్టినవారొక వంక, అమెజానుపై పన్ను వేయుడను పలకలు పట్టినవారొక వంక; అరపులలో సభ్యుల మాటలు వినరాకపోయెను. ఆ రణగొణలోనే పేర్లు పిలిచిరి. రద్దునకు ఏడు, వలదని రెండు. ఆ రెండును క్షమా సావంత్, తెరేసా మోస్కెడా.

ఈ యిరువది తొమ్మిది దినములలో ఏమి మారినది? ఇండ్లు లేనివారు తగ్గిరా? నగరపు బొక్కసము నిండినదా? అమెజాను బీదపడినదా? ఏదియు మారలేదు. మారినది భయము. రద్దునకు వోటు వేసినవారిలో కొందఱు విచారముతోనే వేసిరి. నవంబరు ప్రజావోటులో ఓటమి తప్పదనియు, అంతవరకు సంస్థల ధనము నగరమును చీల్చుననియు వారు చెప్పిన కారణము తీసివేయదగినది కాదు. కాని పౌరులచేత ఓడుట వేరు, పౌరులు వోటు వేయకముందే సంస్థకు లోబడుట వేరు. మొదటిదానిలో ఊరు నిర్ణయించును. రెండవదానిలో, ఒక గోపురపు పని నిలిపినచో నగరసభ నెల తిరుగకముందే వంగునని సంస్థ నేర్చుకొనును. మే 14 నాటి వోటునకు వెల లేదు. జూన్ 12 నాటి వోటునకు వెల గలదు. బంగారము నిప్పులో పెట్టినప్పుడు గాని తెలియదను మాట మన పెద్దలు ఎందుకు చెప్పిరో, ఈ రెండు పట్టికలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినవారికి తెలియును. ఏకగ్రీవములోని తొమ్మిదవ వంతే ఆమె వాటా యన్నవారు ఇప్పుడు లెక్క మరల వేసికొందురు గాక.

దీని తరువాయి కథ చెప్పక విడువరాదు. 2019 ఎన్నికలలో అమెజాను వర్తకసంఘపు ఎన్నికల నిధికి సుమారు 15 లక్షల డాలర్లు పోసినది. సావంత్‌ను దింపుట అందులో ముఖ్యోద్దేశము. ఆమె గెలిచినది. ఆ సంఘము బలపఱచిన యేడుగురిలో ఇద్దరే నెగ్గిరి, డెబోరా హ్వారెజ్, అలెక్స్ పెడర్సన్. 2020 జూలై 6న సభ మరల పెద్ద సంస్థలపై పన్ను వేసినది: జీతములపద్దు 70 లక్షల డాలర్లు దాటిన సంస్థలు, లక్షన్నర డాలర్లకు మించి సంపాదించు ఉద్యోగుల జీతములపై 0.7 నుండి 2.4 శాతము వరకు చెల్లింపవలెను. ఏటా 21 కోట్ల 40 లక్షలు రాగలదని అంచనా. 2018లో భయపడి వదలుకొన్నదానికి ఇది నాలుగు రెట్లకు మించినది. నెగ్గినది 7-2 తో. కాదన్న యిద్దరును వర్తకసంఘము గెలిపించుకొన్న పై యిద్దరే.

ఇది మోస్కెడా సాధించినది గాని సావంత్‌ది కాదందురు. నిజమే, బిల్లును రచించినది, వోట్లు కూర్చినది మోస్కెడా, ఆ కీర్తి ఆమెకే చెందవలెను. కాని ఆ మోస్కెడా యెవరు? జూన్ 12న సావంత్ ప్రక్కన నిలిచిన రెండవ వోటు. మఱియు, అదే కాలమున సావంత్, టామీ మొరాలెస్ అను మరియొక సభ్యురాలితో కలిసి, ఏటా 50 కోట్ల డాలర్లు రాబట్టు పన్నును ప్రతిపాదించి, వీధులలో ప్రజావోటుకు సంతకములు కూర్చుచుండెను. 50 కోట్ల మాట గదిలో వినబడుచుండినందుననే 21 కోట్లు మితముగా తోచినవి. ఇందులో వింత యేమనగా, 2018 జూన్‌లో సభాధ్యక్షుడుగా నుండి రద్దునకు వోటు వేసిన బ్రూస్ హారెల్, తరువాత మేయరై, లోటు బడ్జెట్లను ఈ పన్ను రాబడితోనే పూడ్చుకొనెను. గోల పేరు చెప్పి ఎగతాళి చేసిన చేతులే ఆ గోల తెచ్చిన డబ్బును లెక్కించినవి.

2017లో సంపన్నుల యాదాయముపై 2.25 శాతము పన్నును ఆమె, లీసా హెర్బోల్డ్ కలిసి తెచ్చిన సంగతి యొక వాక్యముతో ముగింతును: 9-0 తో నెగ్గినది, న్యాయస్థానములలో కూలినది.

ఇక బడ్జెటు. ఏటేటా నవంబరులో బడ్జెటు తుదివోటునకు వచ్చినప్పుడు ఆమె కాదనుచుండెను. పెక్కు మారులు కాదన్నది ఆమె యొక్కతెయే. ఆమెను గూర్చి విమర్శకులు వాడు ఆయుధములలో ఇదియే పదునైనది. తొమ్మండుగురును అట్లే చేసినచో దీపములు వెలుగునా, గ్రంథాలయముల తలుపులు తెఱచునా యని వారి ప్రశ్న. మన శాసనసభలలో ప్రతిపక్షము కోతతీర్మానములు పెట్టి, ద్రవ్యవినిమయ బిల్లును ఎదిరించుట ఏటా జరుగునదే; ఉద్యోగుల జీతములు ఆపుటకు చూచిరని ఎవరును వాపోరు. సియాటిల్ సభకు పేరునకు పార్టీలు లేవు. వాస్తవమునకు తక్కినవారందఱును డెమోక్రాట్లో వారి సన్నిహితులో. కావున ఆ సభలో ప్రతిపక్షమనునది ఉన్నచో ఆమె యొక్కతెయే. పైగా తుదివోటునకు ముందు వారములపాటు ఆమె ప్రజల బడ్జెటు అను పేరున సవరణలు పెట్టుచుండెను. మొత్తము మీద ఇండ్లు లేనివారి గుడారములను బలవంతముగా తొలగించుటకు నిధులిచ్చు బడ్జెటునకు, లేమివారిపై కోతవేయు బడ్జెటునకు ఔననని తన వోటర్లకు చెప్పి యుండెను, చెప్పినట్లే చేసినది. 2022లో బడ్జెటు 6-3 తో నెగ్గినప్పుడు నెల్సన్, పెడర్సన్‌లు కూడ కాదనిరి, ఆమెకు సరిగా విరుద్ధమైన కారణములతో. అప్పుడు మాత్రము దీపములను గూర్చిన చింత అంతగా వినరాలేదు. అయినను నా యభిప్రాయము నేను చెప్పవలెను: ఆమె వోట్లలో ఇది అంత బలమైన భాగము కాదు. ఏటా వచ్చు కాదును ఊరు ముందుగానే ఊహించును. ఊహించిన కాదునకు కారణములు చదువువారుండరు.

అద్దెల విషయమున ఆమె పని తక్కువ ప్రసిద్ధము, ఎక్కువ ఉపయోగకరము. ఒకామె నెలకు 1,500 డాలర్ల గదికి దరఖాస్తు పెట్టినదనుకొందము. మొదటినెల అద్దె, చివరినెల అద్దె, ధరావతు, తిరిగి రాని రుసుములు అన్నియు కలిపి తాళము చేతికి రాకముందే ఐదారు వేలు చేతినుండి పోవలెను. నెల జీతమును నెలకే ఖర్చు చేయు మనిషికి అద్దె కట్టగల శక్తి యుండును గాని గుమ్మము దాటగల శక్తి యుండదు. 2016 డిసెంబరులో ఆమె తెచ్చిన చట్టము, ధరావతును రుసుములును కలిపి ఒక నెల యద్దెకు మించరాదనియు, ఆ మొత్తమును ఆరు నెలల వాయిదాలలో కట్టవచ్చుననియు శాసించినది. పది నెలల అడ్వాన్సు నెరిగిన బెంగుళూరు తెలుగువారికి దీని విలువ వేఱుగ చెప్పనక్కరలేదు. 2020 ఫిబ్రవరిలో చలికాలమున పేద, మధ్యతరగతి అద్దెదారులను వెడలగొట్టరాదను చట్టమును 7-0 తో నెగ్గించినది. అయిదు నెలలు కోరగా మూడు నెలలే దక్కినవి, చిన్న యజమానులకు మినహాయింపు కలిగినది, ఆమె దానికిని ఔననినది. 2021లో అద్దె పెంచదలచినవారు ఆరు నెలల ముందు తెలుపవలెనను నిబంధన వచ్చినది.

ఓడినది అద్దెల అదుపు. రాష్ట్రచట్టము 1981 నుండి దానిని నిషేధించుచున్నందున, ఆ నిషేధము తొలగిన నాడే అమలగునట్లు ఆమె రచించిన బిల్లు 2023 ఆగష్టు 1న 6-2 తో ఓడినది. పదవి విడుచుచు ఆడిన నాటకమనిరి. రెండేండ్లు తిరుగకముందే, 2025 మేలో, వాషింగ్టన్ రాష్ట్రమే యద్దె పెంపు ఏటా 10 శాతమునకు మించరాదని శాసనము చేసినది. రెండును ఒకటి కావు. కాని నాటకమన్నవారు ఈ రెండవదానికి ఏ పేరు పెట్టుదురో వినవలెనని యున్నది.

మనవారికి మిక్కిలి కోపము తెప్పించినది ఆమె తెచ్చిన కులచట్టము. ఆర్థికన్యాయమునకును కులమునకును ఏమి సంబంధమని యడుగువారు ఆ చట్టము దేనికి వర్తించునో చూడవలెను: ఉద్యోగమునకు, ఇంటి యద్దెకు, సర్వజనులు పోవు చోట్లకు. పని, గూడు, హోటలు బల్ల, ఆర్థికన్యాయమనగా మరేమున్నది? అది యొక మతమువారిని వేలెత్తి చూపుటయని కొన్ని హిందూసంఘములు వాదించినవి. చట్టములో ఏ మతము పేరును లేదు. అమెరికాలో కులమెక్కడిది యని తెలుగువాడు ఆశ్చర్యము నటించుట మాత్రము నాకు నవ్వు తెప్పించును. సియాటిల్ పొరుగూళ్లైన రెడ్మండ్‌లోనో బెల్‌వ్యూలోనో కొత్తగా దిగిన కుఱ్ఱవానిని విందునకు పిలిచి, "ఇంటిపేరేమిటి? ఏ ఊరు? ఊళ్లో ఎటువైపు?" అని మూడడుగులలో "మీరేమిట్లు?" అన్న గమ్యమునకు చేరు విద్య మనకు తెలియనిదా? అక్కడి మన సంఘములు కులముల వెంట చీలినవని మనమే గదా చెప్పుకొందుము! ఆ విందులోని పెద్దమనిషి మరునాడు అదే కుఱ్ఱవాని పనికి మార్కులు వేయు మేనేజరైనచో, ఆ ప్రశ్న విందులోనే ఆగునా? ఆగకపోవచ్చునను ఎరుకతో ఒక నగరము చట్టము చేసినది. దక్షిణాసియా వెలుపల అట్టి చట్టము చేసిన మొదటి నగరమది.

దోషములు లేవా? కలవు. ఆమె సహసభ్యులను సహచరులుగా గాక ప్రతిపక్షులుగానే చూచెను. సాధించినదాని కీర్తిలో ఇతరుల పాలును చెప్పుటలో పిసినారి. పన్ను ఉద్యమమునకు నగర వనరులను వాడినందుకు 2021లో తప్పొప్పుకొని మూడువేల అయిదువందలకు పైగా డాలర్లు జరిమానా చెల్లించినది. అది న్యాయమైన జరిమానా. 2021 డిసెంబరు 7న ఆమెను వెనుకకు పిలుచు ఎన్నిక జరుగగా 310 వోట్ల తేడాతో మాత్రమే నిలిచినది. ఇవన్నియు ఆమె స్వభావమును గూర్చిన సాక్ష్యములు. ఆమె వోట్లను గూర్చినవి కావు. స్వభావము నచ్చక వోట్లను శూన్యమనుట వాదము కాదు, విసుగు.

విసుగునకు ఎవరికైనను హక్కు కలదు. కాని ఆమె పదేండ్ల పని యంతయు ఒట్టి గోల యని తీర్పు చెప్పదలచినవారు, 2018 మే 14 నాటి తొమ్మిది పేర్లను, జూన్ 12 నాటి తొమ్మిది పేర్లను ఒకసారి ప్రక్కప్రక్కన పెట్టి చదివి, అటుపిమ్మటనే నోరు తెఱవవలెనని నా మనవి.